మనుషులు లేకుండా బంతి భోజనాన్ని బొమ్మగా వేయడం కుదురుతుందా?

మీ ప్రశ్న సారాంశం ఇదనుకుంటున్నాను. ఫైన్ ఆర్ట్స్ చివరి సంవత్సరం చదువుతున్నారు. ‘కలిసి తినడం’ మీద స్టిల్ లైఫ్ బొమ్మలు, అంటే కదలని వస్తువుల బొమ్మలు, ఒక వరసగా వేయాలని మీ కోరిక. మీ మాస్టారేమో స్టిల్ లైఫ్ అంటే మొదటి ఏడాది చెయ్యి తిరగడానికి వేసేది, ఈ రోజుల్లో దానికి విలువేముంది అన్నారు. మనుషుల్ని వేయకుండా పదిమంది కలిసి తిన్న సంగతి చెప్పగలమా అన్నది మీ సందేహం. ఇప్పటిదాకా వేసినవన్నీ హోటల్ మెనూ కార్డుల్లా వస్తున్నాయన్నది ఇంకో బాధ.

చెప్పగలం. మెనూ కార్డులా వస్తున్నాయంటే తప్పు మీ చేతిది కాదు, మీరు ఎంచుకుంటున్న సమయానిది. పప్పు, కూర, పచ్చడి, పులిహోర అన్నీ వడ్డించి, ఇంకా ఎవరూ చెయ్యి పెట్టని ఆకును వేస్తున్నారు. ఆ క్షణంలో అక్కడున్నది వంట ఒక్కటే. కలిసి తినడం ఇంకా మొదలే కాలేదు. తిని లేచిన ఆకును వేయండి. ముందు ఈ ఒక్క మార్పు చేసి చూడండి, మిగతావి తర్వాత.

నేను చాలా ఏళ్లుగా ఆయిల్‌లో భోజనాల బొమ్మలే వేస్తున్నాను, పిల్లలకు నేర్పిస్తున్నాను కూడా. పెళ్లిళ్లు, పెద్దకర్మలు, గృహప్రవేశాలు, హాస్టల్ మెస్సులు, ఎక్కడికి వెళ్లినా బంతి లేచాక ఆకులు తీసేలోపు ఉండే ఆ కాసేపే నాకు పని. తిన్న ఆకు తిన్న మనిషిని పట్టిస్తుంది. పప్పన్నం కలిపిన చోట నాలుగు వేళ్ల చారలు ఉంటాయి. ములక్కాడ పిప్పి, కరివేపాకు, ఎండుమిరపకాయ తొడిమలు ఆకు పైవైపు ఒక మూలకు చేరతాయి. పిల్లల ఆకులో అన్నం ముద్ద అలాగే ఉంటుంది, అప్పడం తునకలు ఉంటాయి, స్వీటు మాత్రం ఉండదు. పళ్లు లేని పెద్దాయన ఆకులో ములక్కాడ ముక్క ముట్టకుండా ఉంటుంది, పెరుగన్నం తుడిచినట్టు అయిపోతుంది. తొందరలో ఉన్నవాడి ఆకులో చారు పారిన దారి అంచుదాకా వెళ్లి ఎండిపోతుంది. ఇవన్నీ పక్కపక్కన ఉన్న నాలుగు ఆకుల మీద వేశారనుకోండి, ఒక కుటుంబం మొత్తం కూర్చుని లేచినట్టే. ముఖాలు అక్కర్లేదు.

ఆకు మడత కూడా చాలా చెబుతుంది. మా వైపు తిన్నాక ఆకును మన వైపుకు మడుస్తారు, కర్మ భోజనంలో అయితే అవతలికి మడుస్తారు. ఒకసారి ఒక పెద్దకర్మ భోజనాన్ని వేశాను. ఫొటో లేదు, దండ లేదు, దీపం లేదు. అవతలికి మడిచిన ఆకుల వరస మాత్రమే ఉంది. ప్రదర్శనలో మన ప్రాంతం పెద్దవాళ్లు ఆ బొమ్మ ముందు ఆగి, ఎవరు పోయారని అడిగారు. ఇంతకన్నా గొప్ప సమాధానం మీ మాస్టారికి నేను ఇవ్వలేను.

ఇక ‘ఈ రోజుల్లో దానికి విలువేముంది’ అన్న మీ మాస్టారి మాట సంగతి. 1960 నుంచి ఇప్పటిదాకా స్టిల్ లైఫ్‌ను బతికించినవాళ్లలో చాలామంది తిన్న బల్ల దగ్గరికే వచ్చారు. మీరు తప్పకుండా తెలుసుకోవాల్సినవారు డేనియల్ స్పోయెరి. రుమేనియాలో 1930లో పుట్టి, స్విట్జర్లాండ్‌లో పెరిగి, 2024లో పోయారు. ఆయన 1960లో మొదలుపెట్టిన పని ఏమిటంటే, ఎవరో తిని లేచిన బల్లను ఉన్నదున్నట్టు బంకతో అతికించేయడం. ప్లేట్లు, చెంచాలు, రొట్టె తునకలు, సిగరెట్ పీకలు, ఏది ఎక్కడ ఉంటే అక్కడే. తర్వాత ఆ పలకను గోడకు నిలువుగా తగిలించేవారు. వాటిలో ‘కిచ్కాస్ బ్రేక్‌ఫాస్ట్’ అన్నది న్యూయార్క్‌లోని మోమా మ్యూజియంలో ఉంది. గోడకు తగిలించిన ఒక చెక్క కుర్చీ, దాని మీద పలక, పలక మీద కాఫీ పాత్ర, గుడ్డు పెంకులు, పీకలు. కిచ్కా అనే ఆవిడ ఆ కృతిలో ఎక్కడా లేదు. అయినా ఆ పొద్దుటి పూట ఆవిడ అక్కడ కూర్చుని తిన్నదని మనకు సందేహమే రాదు. స్పోయెరి 1968లో డ్యూసెల్‌డార్ఫ్‌లో ఏకంగా రెస్టారెంట్ పెట్టారు. 1983లో పారిస్ దగ్గర ఒక పెద్ద విందు చేసి, మధ్యలోనే బల్లల్ని, పాత్రల్ని, తిండిని గొయ్యిలో పెట్టి పూడ్చేశారు. 2010లో పురావస్తు శాస్త్రవేత్తలు వచ్చి దాన్ని తవ్వారు. ఒక భోజనం మనుషుల గురించి ఏం మిగిల్చి వెళ్తుందన్న ప్రశ్నను ఆయన జీవితమంతా వదల్లేదు. మీ ప్రశ్న కూడా అదే కదా.

ఈ చూపు కొత్తది కూడా కాదు. ఇప్పటి టర్కీలో ఉన్న ప్రాచీన గ్రీకు నగరం పెర్గమన్‌లో సోసస్ అనే మొజాయిక్ కళాకారుడు విందు తర్వాత ఊడ్వని నేలను రాళ్లతో పొదిగాడు. చేప ముళ్లు, కోడి కాళ్లు, పండ్ల తొక్కలు, ఒక్కోదానికి దాని నీడతో సహా. రోమన్ల కాలంలో దాన్ని చూసి చేసిన ఒక ప్రతి వాటికన్ మ్యూజియంలో ఉంది. అందులో ఒక ఎలుక అక్రోటు కొరుకుతూ ఉంటుంది. పదిహేడో శతాబ్దపు హాలండ్‌లో విల్లెమ్ హెడా వేసిన బల్లలు చూడండి. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలో ఉన్న 1635 నాటి బొమ్మలో సగం వొలిచిన నిమ్మకాయ, పక్కకి ఒరిగిన వెండి పాత్ర, నలిగిన బల్లగుడ్డ. ఇప్పటి ఫొటోగ్రాఫర్లలో లారా లెటిన్‌స్కీ ఆ దారిలోనే నడిచారు. విందు అయిపోయాక మిగిలిన తొక్కలు, మరకలు, బల్ల అంచున పడిపోయేలా ఉన్న గిన్నె, పల్చటి పగటి వెలుగు. ఆమె ఫొటోల్లో ఖాళీ బల్ల ఎంత భాగం ఉంటుందో గమనించండి. మన విద్యార్థులు ఆ ఖాళీకి భయపడి ఏదో ఒకటి పెట్టేస్తారు.

ఎవరి కంటితో చూస్తున్నారో ముందే తేల్చుకోండి. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే విద్యార్థుల బొమ్మలు చాలావరకు ఇక్కడే దెబ్బతింటాయి. ఫోన్ అలవాటు వల్ల అందరూ నిటారుగా పైనుంచి చూసిన కోణం వేస్తున్నారు. ఆ కోణంలో అన్నం తిన్నవాడెవడూ లేడు, వడ్డించినవాడూ లేడు. స్పోయెరి బల్లను గోడకెక్కించి ఆ కోణాన్నే వాడుకున్నారు నిజమే, కానీ ఆయనకు అది ఆనవాళ్లు నమోదు చేసే చూపు. మీకు కావలసింది వేరు.

నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోండి. మీ ఆకు విశాలంగా, దాని కొస మీ ఎడమ చేతి వైపు, పక్కవాళ్ల ఆకు సన్నగా, ఆ పక్కది ఇంకా సన్నగా, బంతి చివర ఒక పచ్చటి గీతలా కనిపిస్తుంది. గ్లాసు అంచు దాదాపు గీత అయిపోతుంది. ఇది తినేవాడి చూపు. ఇప్పుడు లేచి నిలబడి నడుము కాస్త వంచండి. ఆకులన్నీ తెరుచుకుంటాయి, ఎవరి ఆకులో ఏం అయిపోయిందో ఒక్కసారిగా తెలుస్తుంది. ఇది వడ్డించేవాళ్ల చూపు. మన ఇళ్లలో ఆ చూపు చాలావరకు ఆడవాళ్లది. మగవాళ్లూ పిల్లలూ తిని లేచాక, గిన్నెల అడుగున మిగిలింది ముందు పెట్టుకుని వంటింట్లో కూర్చునే ఆడవాళ్ల భోజనాన్ని ఎవరైనా స్టిల్ లైఫ్‌గా వేశారా? గిన్నె అంచుకు అంటుకున్న పప్పు, గరిటె పెట్టే ఉన్న కూర, పళ్లెం లేకుండా మూతలోనే పెట్టుకున్న అన్నం. మీ వరసలో ఇది ఒక బొమ్మ అయితీరాలని నా కోరిక. ఒకే భోజనాన్ని రెండు ఎత్తుల నుంచి వేసి పక్కపక్కన పెట్టినా చాలు, చెప్పాల్సింది చాలా చెప్పేసినట్టే.

ఇక్కడికి వచ్చాం కాబట్టి, తప్పించుకోలేని విషయం ఒకటుంది. కలిసి తినడం అనగానే మనకు ముచ్చటగా అనిపిస్తుంది గానీ, మన నేల మీద ఎవరు ఎవరితో కూర్చుని తినాలన్నది ఎప్పుడూ ముచ్చట విషయం కాదు. ఎంగిలాకులు ఎత్తిన చేతులు ఎవరివి? ఆ చేతులవాళ్లు ఎక్కడ కూర్చుని తిన్నారు? పల్నాడులో బ్రహ్మనాయుడి పేరుతో చాపకూడును, అంటే అన్ని కులాలవాళ్లూ ఒకే చాప మీద కూర్చుని తినడాన్ని, ఇప్పటికీ తలుచుకుంటున్నారంటే, కారంపూడి వీరారాధన ఉత్సవాల్లో కులం చూడకుండా ఒకే చోట కలిసి తినే ఘట్టం ఇంకా నడుస్తోందంటే, ఆ పని అంత కష్టమైంది కనుకనే. నాస్తికోద్యమ నాయకుడు గోరా గారు సహపంక్తి భోజనాలు పెట్టడం ఆ రోజుల్లో వార్త అయింది. బొమ్మ వేసేవాళ్లకు ఇది తెలియకపోతే, ఆకుల వరస ఎంత అందంగా వేసినా పండగ గ్రీటింగ్ కార్డు అవుతుంది.

పుణెకు చెందిన కళాకారిణి రాజ్యశ్రీ గూడీ పని చూడండి. దళిత రచయితలు తమ జీవితకథల్లో తిండి గురించి, ఆకలి గురించి రాసుకున్న చోట్లను తీసుకుని వంటల పుస్తకం తీరులో చిన్న చిన్న పుస్తకాలుగా చేశారు. అందులో ఘుమఘుమలు ఉండవు. అడుక్కుని తెచ్చుకున్న రొట్టె కూడా ఒక వంటకం అవుతుంది. తిండి మీద కళ అంటే నోరూరించడం అనుకునేవాళ్లకు అది గట్టి జవాబు.

నా దగ్గర నేర్చుకున్న ఒక అబ్బాయి వేసిన బొమ్మ చెబుతాను. టీ కొట్టు దగ్గర దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి గురించి వాళ్ల తాతయ్య చెప్పేవాడట. ఆ అబ్బాయి రెండు చిన్న కాన్వాసులు వేశాడు. మొదటిదాంట్లో కొట్టు బల్ల మీద కడిగి బోర్లించిన గ్లాసుల వరస, వాటి మీద పొద్దుటి ఎండ, కింద నీటి చెమ్మ. రెండోదాంట్లో తాటాకు చూరులో దోపిన ఒక్క గ్లాసు, అడుగున ఎండిన టీ మరక. వేసిన తీరులో తేడా ఏమీ చూపించలేదు, రెండింటికీ ఒకే శ్రద్ధ. గోడకు తగిలించేటప్పుడు మాత్రం రెండింటి మధ్య రెండడుగుల ఖాళీ గోడ వదిలాడు. స్టిల్ లైఫ్ అంటే మొదటి ఏడాది కసరత్తు అని ఆ గోడ ముందు నిలబడి ఎవరూ అనలేకపోయారు.

మనిషికి బదులు పళ్లెం నిలబడగలదని చెప్పడానికి ఇంకో పెద్ద ఉదాహరణ అమెరికన్ కళాకారిణి జూడీ చికాగో చేసిన ‘ది డిన్నర్ పార్టీ’. 1974 నుంచి 1979 దాకా చేశారు, ఇప్పుడు బ్రూక్లిన్ మ్యూజియంలో ఉంది. త్రికోణంగా వేసిన బల్ల, ఒక్కో వైపు 13 చొప్పున 39 మంది స్త్రీలకు 39 స్థానాలు. ఎవరి పళ్లెం వారిది, ఎవరి గుడ్డ వారిది, ముఖాలు దాదాపు లేవు. అది ఇన్‌స్టలేషన్, అంటే వస్తువుల్ని ఒక చోట అమర్చి చేసిన కళ, బొమ్మ కాదు, అయినా స్థానం అన్న ఆలోచన మీకు పనికొస్తుంది. ఖాళీగా వదిలిన ఒక ఆకు, బోర్లించిన ఒక గ్లాసు కూడా స్థానమే.

స్టీలు గురించి అడిగారు, అది మరీ మామూలుగా అనిపిస్తోందని. మామూలు కనుకనే వేయండి. బీహార్‌లో 1964లో పుట్టిన కళాకారుడు సుబోధ్ గుప్తా మనందరి వంటింట్లో ఉండే స్టీలు గిన్నెలు, టిఫిన్ క్యారియర్లు తీసుకుని ప్రపంచమంతా తిరిగారు. 2008లో చేసిన ‘లైన్ ఆఫ్ కంట్రోల్’ అణుబాంబు పేలినప్పుడు లేచే పుట్టగొడుగు మేఘం ఆకారంలో పేర్చిన గిన్నెల గుట్ట. అంత భారీతనం మీకు అక్కర్లేదు. ఒక్క టిఫిన్ క్యారియర్ మూత తీసి, దాని గిన్నెలు నాలుగూ నలుగురి ముందు ఉన్నట్టు వేస్తే అదే పంచుకోవడం. స్టీలు వేసేటప్పుడు బూడిద రంగు డబ్బా పక్కన పెట్టేయండి. స్టీలుకు సొంత రంగు లేదు. పక్కన ఆకు ఉంటే గిన్నె అంచు పచ్చగా ఉంటుంది, మీ చొక్కా రంగు గిన్నె బొడ్డు మీద వంకరగా కనిపిస్తుంది, కిటికీ ఒక తెల్ల చీలికలా ఉంటుంది. ఆ ప్రతిబింబంలో పక్కన కూర్చున్నవాళ్లు కూడా ఉంటారు, మచ్చల్లాగా. మనుషులు లేని బొమ్మలో మనుషులు రావడానికి ఇదొక న్యాయమైన దారి. ముఖాలు తెలిసేలా మాత్రం వేయకండి.

రంగుల విషయంలో కొన్ని మాటలు. అరటాకుకు ట్యూబులోంచి తీసిన శాప్ గ్రీన్ నేరుగా పూస్తే ప్లాస్టిక్ ఆకే వస్తుంది. విరిడియన్‌లో (నీలం వైపు మొగ్గే పచ్చ రంగు) ఎల్లో ఓకర్, కొద్దిగా బర్న్ట్ సియెన్నా కలిపి మొదలుపెట్టండి. నడిమి ఈనె లేత పసుపు. పైన మెరుపు తెలుపు కాదు, ఆకాశం నీలం కలిసిన తెలుపు. వేడన్నం పెట్టిన చోట ఆకు కమిలి ముదురు ఆలివ్ రంగుకు దిగుతుంది, ఆ మచ్చ అన్నం తినేశాక బయటపడుతుంది. అక్కడ అన్నం ఉండేదని చెప్పడానికి ఆ మచ్చ ఒక్కటి చాలు. అన్నాన్ని మెతుకు మెతుకూ వేయకండి. ముద్దను వెలుగు, నీడ రెండు ముక్కలుగా వేసి, అంచున చెదిరిన మెతుకుల్ని మాత్రం విడివిడిగా పెట్టండి. నీడలో పడిన అన్నానికి ఆకు పచ్చదనం అంటుతుంది. ఆవకాయ నూనెకు కింద నారింజ పొర వేసి, పూర్తిగా ఆరనిచ్చి, పైన అలిజరిన్ క్రిమ్సన్ (ముదురు ఎరుపు) పల్చగా గ్లేజు వేయండి, అంటే కింది రంగు కనిపించేంత పల్చటి పొర. నూనె అంచు దగ్గర పసుపు గీత వదిలితే అది నూనె అనిపిస్తుంది, లేకపోతే రక్తం అనిపిస్తుంది.

అరటాకు దగ్గరే ఆగిపోకండి. ఇది నాకు బాగా పట్టింపు. ఇవాళ మన పెళ్లిళ్లలో అరటాకు ఆకారంలో, అరటాకు రంగు అచ్చేసిన కాగితం ప్లేట్లు వేస్తున్నారు. అది బొమ్మగా వేయాల్సిన వస్తువు! బఫేలో ఒక చేత్తో ప్లేటు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని నిలబడి తిని వదిలేసిన ప్లేట్ల టబ్బు కూడా అంతే. రూములో నలుగురు కుర్రాళ్లు పంచుకున్న బిర్యానీ డబ్బా, దాని మూతే నాలుగో పళ్లెం, పక్కన చింపిన రైతా పొట్లం, న్యూస్ పేపర్ పరిచిన నేల. అందులో ఉన్న కలిసి తినడం ఏ పెళ్లి బంతికీ తీసిపోదు.

హైదరాబాద్‌లో ఉంటే బార్కస్ వెళ్లండి. యెమెన్ నుంచి వచ్చి స్థిరపడిన అరబ్బుల బస్తీ అది, అన్నం, మాంసం కలిసిన మందీ అక్కడి తిండి. ఒకే పెద్ద పళ్లెం, చుట్టూ నలుగురైదుగురు. ఎవరి ముందున్న అన్నం వాళ్లు తింటూ లోపలికి వస్తారు. సగం తిన్నాక ఆ పళ్లెం చూడండి. అంచు నుంచి మధ్యకు ఒక్కొక్కరి ముందు ఒక్కో లోయ, రెండు లోయల మధ్య ఎవరూ ముట్టని సన్నటి గట్టు. నడుమ మాంసం ముక్కను ఒకరి వైపు ఇంకొకరు తోసిన గుర్తు. ఎంతమంది తిన్నారు, ఎవరికి ఆకలెక్కువ, ఎవరు ఎవరికి మంచి ముక్క జరిపారు, అన్నీ ఆ ఒక్క పళ్లెంలో ఉన్నాయి. కలిసి తినడం మీద స్టిల్ లైఫ్‌కు ఇంతకన్నా తయారుగా దొరికే విషయం నేను చూడలేదు.

ఫొటో తీసుకోవచ్చా అంటే, అమరిక గుర్తు కోసం తీసుకోండి. రంగుకు నమ్మకండి. ఫోను కెమెరా పచ్చదనాన్ని పెంచి, నీడల్ని నల్లగా చేస్తుంది. నా పద్ధతి ఏమిటంటే, అక్కడికక్కడే గువాష్‌తో (నీళ్లతో కలిపే చిక్కటి రంగు) అరచేతి అంత స్కెచ్ వేసి, రంగుల కలయికలు అంచున రాసుకుని, పెద్దది తర్వాత ఆయిల్‌లో వేస్తాను. పెళ్లిళ్లలో బంతి లేవగానే ఆకులు చుట్టేస్తారు కాబట్టి క్యాటరింగ్ వాళ్లతో ముందే మాట్లాడుకుని చివరి బంతి చివరి నాలుగు ఆకులు కాసేపు ఉంచమనండి. ఇంటివాళ్ల అనుమతి తప్పనిసరి, ఎంగిలి ఆకును బొమ్మ వేయడం కొందరికి అశుభంగా తోస్తుంది, వాళ్లు వద్దంటే వదిలేయండి. బొమ్మ కోసం ప్రత్యేకంగా వండించి పారేయడం మాత్రం చేయకండి. నిజంగా ఎవరో తిన్న అన్నమే వేయండి, తినని అన్నాన్ని తిన్నట్టు చెదిరిస్తే చూసేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. వేళ్లు చారలు గీసే తీరు కృత్రిమంగా రాదు.

పరిమాణం గురించి: ఆకు అసలు కొలతకు దగ్గరగా వేయండి, రెండున్నర అడుగుల పొడవు. అంతకన్నా చిన్నదైతే మళ్లీ మెనూ కార్డు దగ్గరికే వెళ్తుంది. వరసలో ఆరేడు బొమ్మలు చాలు. గ్యాలరీవాళ్లు కంటి ఎత్తున తగిలిస్తామంటారు, ఒప్పుకోకండి. నేల మీద కూర్చున్న చూపుతో వేసినవాటిని మోకాలి ఎత్తున పెట్టించండి, ముందు చాపలు పరిపించండి, చూసేవాళ్లను కూర్చోమనండి. పేర్లు ‘స్టిల్ లైఫ్ 1, స్టిల్ లైఫ్ 2’ అని పెట్టకండి. ఏ ఊరు, ఏ సందర్భం, ఎన్నో బంతి అని రాయండి. ‘రెండో బంతి, గృహప్రవేశం, తెనాలి’ అంటే చాలు. మీ మాస్టారికి ముందు స్కెచ్‌లు కాకుండా పూర్తయిన రెండు బొమ్మలు పక్కపక్కన చూపించండి, వాదన తర్వాత చేసుకోవచ్చు. వేశాక ఇక్కడ పెట్టండి, కోణం, రంగు గురించి వివరంగా చెబుతాను.